హైమవతీ ఆటో వర్క్స్

పెదమల్లంక హైస్కూల్లో సోషలు చెప్పే త్రినాథం మాస్టారికి ఒక అలవాటుంది. ఫారంలో గడి ఖాళీగా కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి రాసి రండిరా అని పరీక్షలప్పుడు పిల్లలకు కూడా చెప్పేవారు. జనాభా లెక్కల డ్యూటీలో ఆయన నింపిన ఫారాలను మిగతా టీచర్లకు నమూనాగా చూపించారు. బ్యాంకు ఫారంలో "ఇతర వివరములు" అన్నచోట ఊరంతా ఖాళీగా వదిలేస్తే, తనకు వేరుశనగ పప్పు పడదని రాసి వచ్చిన మనిషి ఆయన. ఈ అలవాటు వల్ల యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఆయనకు ఏ నష్టమూ కలగలేదు.

మాస్టారికి నీలం రంగు కారొకటి ఉంది. జీవితంలో ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి అవసరానికీ కాకుండా, తన ముచ్చట కోసం ఆయన కొనుక్కున్న వస్తువు అదొక్కటే. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తారు. వర్షాకాలంలో చక్రాల సందుల్లో బురదను చీపురుపుల్లతో తీస్తారు. ఆ శ్రద్ధలో పదోవంతు ఇంట్లో ఫ్యాన్ల మీద చూపిస్తే బాగుండునని ఆయన భార్య హైమవతి అప్పుడప్పుడూ అనేది, కానీ మాస్టారు ఆ సమయంలో బానెట్ లోపల తలపెట్టి ఉండేవారు కాబట్టి వినబడేది కాదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో చదువుకుంటున్నారు. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరూ, ఆ కారూ.

ఆ కారుకు పదిహేనేళ్ళు నిండుతున్నాయి. నెలాఖరులోగా రిజిస్ట్రేషను మళ్ళీ చేయించకపోతే బండి తుక్కు కిందకు పోతుందని రవాణా శాఖవారి నోటీసు వచ్చింది. తుక్కు అన్న మాట చదవగానే మాస్టారు నోటీసు చేత్తో పట్టుకునే కారు దగ్గరికి వెళ్ళారు. బండిని ఆపాదమస్తకం పరీక్షించుకున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ కార్నరు లైట్ల దగ్గర తేడా వచ్చింది. కారుకు ముందువైపు రెండు మూలలా, పక్కకు తిరిగేటప్పుడు ఆరుతూ వెలుగుతూ ఉండే నారింజరంగు లైట్లుంటాయి కదా, అవి. కుడివైపుది ఎండకు వెలిసి గుడ్డిదైపోయింది. ఎడమవైపుది మొన్న కొబ్బరికాయ పడి చిట్లింది.

విజయవాడ వెళ్ళి నాలుగు దుకాణాలు తిరిగితే, ఆ మోడలు ఆపేసి ఎనిమిదేళ్ళయిందనీ, నారింజరంగు గ్లాసులు ఇక రావనీ, వేరే కంపెనీవాళ్ళు చేసిన తెల్ల గ్లాసులు మాత్రం ఒక జత ఉన్నాయనీ చెప్పారు. లోపల నారింజరంగు బల్బు వేసుకుంటే వెలుగు నారింజరంగే వస్తుందట. బిగించడం పది నిమిషాల పనట. మాస్టారు ఆ జతను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున్న వరండాలో పని మొదలైంది. బానెట్ ఎత్తితే లోపల ఒకే ఒక స్క్రూ ఉంటుంది, అది విప్పి లైటును ముందుకు లాగితే ఊడి వచ్చేస్తుంది. ఆ స్క్రూ ఉన్న సందులో చెయ్యి పెడితే స్క్రూ కనబడదు, స్క్రూ కనబడేలా తల పెడితే చెయ్యి పట్టదు. మాస్టారు హైమవతిని కేకేశారు. ఆవిడ పప్పు కింద మంట తగ్గించి వచ్చి టార్చిలైటు పట్టుకుంది. కాస్త ఎడమకు, కాస్త కిందకు, అంత కిందకు కాదు అంటూ మాస్టారు గంటన్నర నడిపించాక స్క్రూ ఊడింది, ఊడి బంపరు లోపల పడింది. దాన్ని తియ్యడానికి మాస్టారు కొక్కెం, గొడుగు ఊచ, నీళ్ళగొట్టం ప్రయోగించారు. చివరికి హైమవతి లోపలికెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించిన అయస్కాంతాన్ని పీకి, దారం కట్టి, బంపరు లోపలికి వదిలి, బావిలోంచి చేద తీసినట్టు స్క్రూని తీసి ఆయన చేతిలో పెట్టింది. అప్పటికి పప్పు మాడింది. సాయంత్రం వీధిలో కనబడిన ప్రతివాళ్ళతోనూ మాస్టారు, "నేనే బిగించానండి, ఇంట్లోనే," అని చెప్పుకున్నారు.

నిజంగానే కారు కళ్ళు తుడుచుకుని లేచినట్టు కొత్తగా కనబడుతోంది. ఆ హుషారుతోనే ఆయన మర్నాడు రవాణా శాఖ ఆఫీసుకు వెళ్ళారు. గేటు బయట టార్పాలిన్ కింద కూర్చుని ఫారాలు నింపిపెట్టే గవర్రాజు అనే ఏజెంటు ఆయన పాత శిష్యుడే. ఫారం తానే నింపుతానన్నాడు. మాస్టారు నవ్వి, కలం తీశారు.

పన్నెండో గడిలో, వాహనమునకు ఏవైనా మార్పులు చేసినచో వ్రాయుము, అని ఉంది. గవర్రాజు వంగి చూసి, మెల్లిగా చెప్పాడు.

"మాస్టారూ, అక్కడ గీత పెట్టెయ్యండి. ఈ గ్లాసులు కంపెనీ నుంచి వచ్చినవో తర్వాత ఎట్టినవో మీరు చెప్పకపోతే ఆ దేవుడిక్కూడా తెలీదండి."

గీత అంటే ఖాళీ వదిలినట్టేనని మాస్టారు అభిప్రాయపడ్డారు. రెండు కార్నరు లైట్లకు నారింజ గ్లాసులు తీసి తెల్ల గ్లాసులు బిగించడమైనది అని గుండ్రటి అక్షరాలతో రాశారు. మార్పు చేసిన కర్మశాల (మెకానిక్ షెడ్డు) పేరు, చిరునామా అన్నచోట, స్వగృహము, కోటవారి వీధి అని రాశారు. పనిచేసిన వారి సంఖ్య: ఇద్దరు, నేను మరియు నా భార్య. వాడిన ప్రత్యేక పరికరములు: అయస్కాంతము ఒకటి. గవర్రాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు పట్టాభి గారు. నిక్కచ్చి మనిషి. ఆయన మాట్లాడుతుంటే ఎవరో ఆర్డరు కాపీ చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా ముందు విషయము, తర్వాత సూచిక చెప్పి గానీ అడగరని సిబ్బంది అనుకుంటారు. ఆయన బయటికి వచ్చి కారు బ్రేకులు చూడలేదు, హారను నొక్కలేదు. ఫారం చదివారు. రెండోసారి చదివారు. ఒకసారి ఇండికేటరు వెయ్యమన్నారు. నారింజరంగు వెలుగు చక్కగా కొట్టుకుంది.

"సదరు దీపము నారింజరంగునే వెదజల్లుచున్నది. దీపము విషయమై శాఖకు అభ్యంతరము లేదు," అన్నారు పట్టాభి గారు. "గ్లాసు విషయమై కూడా లేదు. అయితే మార్పు జరిగిన స్థలము గుర్తింపు పొందిన కర్మశాల అయి ఉండవలెను. తమరు స్వగృహమని సెలవిచ్చారు. తమ స్వగృహమునకు గుర్తింపు ఉన్నదా?"

మాస్టారు బిక్కమొహం వేసి, అలా అయితే ఈ గ్లాసులు తీసేసి పాతవే పెట్టుకుంటానన్నారు. తీయడం కూడా మార్పేనన్నారు పట్టాభి గారు, అది మాత్రం ఎక్కడ చేస్తారని అడిగారు. పోనీ ఏదైనా షెడ్డుకు తీసుకెళ్ళి వీటినే మళ్ళీ బిగించి తెస్తానన్నారు మాస్టారు. ఒకసారి బిగింపబడిన దానిని బిగించుట అసాధ్యమన్నారు. ఇంకో ఫారం రాసిస్తానంటే పట్టాభి గారు నిజంగానే నొచ్చుకున్నారు.

"ఈ ఫారం ఇన్‌వర్డు రిజిస్టరుకెక్కింది మాస్టారూ. ఇన్‌వర్డు అయిన సత్యాన్ని మార్చే అధికారం నాకు లేదు."

ఇక మిగిలిన మార్గం ఒక్కటేనని ఆయనే దయతో చెప్పారు, మాస్టారి కర్మశాలకు గుర్తింపు తెచ్చుకోవాలి. నాకు కర్మశాలేమిటండీ అన్నారు మాస్టారు. లేకపోతే గ్లాసులెలా బిగింపబడినవి, ఇద్దరు పనివారెక్కడివారు, అయస్కాంతమెవరిది అని పట్టాభి గారు వరసగా అడిగారు. పాతికేళ్ళుగా పిల్లలకు కారణాలు, ఫలితాలు అంటూ పాఠం చెప్పిన మనిషికి ఆ వాదనలో ఎక్కడా తప్పు దొరకలేదు. నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

గవర్రాజు టార్పాలిన్ కింద నుంచి లేచి వచ్చి కేసు చేపట్టాడు. కర్మశాల గుర్తింపుకు కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. మొదట పేరు కావాలి, పేరుతో బోర్డు కావాలి. ఏం పేరు పెడదామని మాస్టారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగితే, పొయ్యిమీద పాలున్నాయి, మీ ఇష్టం అంది హైమవతి. ఆవిడ సంతోషిస్తుందని ఆయన ఆవిడ పేరే పెట్టారు. మూడోనాటికి గేటు మీద పసుపుపచ్చ బోర్డు లేచింది. హైమవతీ ఆటో వర్క్స్ అని ఎర్రక్షరాలు, చివర ఒక స్పానరు బొమ్మ. ఆ సాయంత్రమే ఒకాయన టైరు పంచరు వేయించుకోవడానికి వచ్చి, ఓనరు గారు స్కూలు నుంచి ఎప్పుడొస్తారని కూర్చున్నాడు.

నిప్పంటుకుంటే ఆర్పడానికని వరండాలో నాలుగు ఎర్ర బక్కెట్లలో ఇసుక పోసి పెట్టారు. అది తమకోసమేననుకుని వీధిలో పిల్లులన్నీ వచ్చి తమ అవసరాలు తీర్చుకోవడం మొదలుపెట్టాయి. పొగ త్రాగరాదు అన్న బోర్డును హాల్లో దేవుడి పటం పక్కన కొట్టారు, అక్కడే మేకుంది కాబట్టి. తనిఖీకి వచ్చిన పట్టాభి గారు ఆ బోర్డునూ, దాని కింద వెలుగుతున్న అగరొత్తినీ కాసేపు మార్చి మార్చి చూశారు. ఆ రోజు నుంచి హైమవతి అగరొత్తిని పెరట్లో వెలిగించి, ఆరిపోయాక దేవుడి దగ్గర పెట్టేది.

పట్టాభి గారు ఇల్లంతా టేపుతో కొలిచి, పటం గీసుకుంటూ గదిగదికీ నామకరణం చేశారు. వరండా బిగింపు విభాగమయింది. అయస్కాంతం ఉన్న ఫ్రిజ్ పరికరముల విభాగమయింది. వంటింటి గుమ్మంలో ఆగి, ఇచ్చట నిప్పుతో కూడిన పని జరుగునా అని అడిగారు.

"రోజుకి మూడుసార్లు జరుగుద్దండి," అంది హైమవతి.

వేడి పనుల విభాగము అని రాసుకున్నారు. తర్వాత పడగ్గదిలోకి తొంగిచూసి ఉలిక్కిపడ్డారు. మంచాలున్నాయి, దుప్పట్లున్నాయి. కర్మశాలలో మనుషులు నివసించుట నిబంధనలకు విరుద్ధము గనక దంపతులిద్దరూ వేరే ఇల్లు చూసుకుంటే తప్ప గుర్తింపు ఇవ్వలేనని చెప్పి, పటం చుట్టుకుని వెళ్ళిపోయారు. నెలాఖరుకు ఐదు రోజులుంది. మాస్టారు వెళ్ళి కారులో కూర్చున్నారు. తలుపు వేసుకుని, స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు.

ఆ గండం నుంచి గట్టెక్కించిందీ గవర్రాజే. నిబంధనల పుస్తకం తిరగేసి, కర్మశాలకు కాపలా ఉండే వాచ్‌మన్ తన కుటుంబంతో సహా అందులోనే నివసించవచ్చునన్న వాక్యం పట్టుకొచ్చాడు. మాస్టారు వెంటనే తన కర్మశాలకు తనను వాచ్‌మన్‌గా నియమించుకున్నారు. అందులో ఒక్క చిక్కుంది. ఒక మనిషికి రెండు కొలువులు కుదరవు, వాచ్‌మన్ గ్లాసులు బిగించకూడదు. అందుకని పనివారి జాబితాలోంచి మాస్టారి పేరు కొట్టేశారు. జాబితాలో హైమవతి ఒక్కతే మిగిలింది. ఆవిడ బెండకాయలు తరుగుతుంటే గవర్రాజు కాగితం తెచ్చి వేలు చూపించినచోట సంతకం పెట్టించుకున్నాడు. అదేమిటని ఆవిడ అడగలేదు, చెప్పాలని వీళ్ళకు తోచలేదు.

ఇరవై ఎనిమిదో తారీకున గుర్తింపు వచ్చింది. ఇరవై తొమ్మిదిన కారుకు మరో ఐదేళ్ళు ఆయుష్షు రాసి ముద్ర వేశారు. మాస్టారు ఆ సాయంత్రం ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టారు. ఎక్కడా తిరిగే పని లేకపోయినా ఇండికేటరు వేసే ఉంచారు, వెనకవాళ్ళు తిట్టుకుంటున్నా పట్టించుకోలేదు. అంత ఆనందం ఆయనకు హెడ్మాస్టరు ప్రమోషను వచ్చినా కలిగేది కాదేమో.

సర్కారు కాగితం ఒక ఆఫీసులో పుడితే నాలుగు ఆఫీసుల్లో దాని నకళ్ళు తిరుగుతాయి. గుర్తింపు ఉత్తర్వు నకలొకటి కార్మిక శాఖకు వెళ్ళింది. పదిహేను రోజుల తర్వాత, స్కూలుకు సెలవైన ఒక మంగళవారం మధ్యాహ్నం, సత్యవేణి గారని కార్మిక శాఖ అధికారి స్కూటరు మీద వచ్చారు. మీ కర్మశాలలో పనివారెందరని అడిగారు. ఒక్కరేనని చెప్పక తప్పలేదు. ఆ కార్మికురాలిని పిలిపించి, యజమాని దూరంగా ఉండాలన్నారు. మాస్టారు వెళ్ళి ఇసుక బక్కెట్ల పక్కన నిలబడ్డారు. అక్కడికీ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పని ప్రారంభ సమయం ఎంతమ్మా?"

"పొద్దున్న ఐదింటికండి."

"ముగింపు?"

"గిన్నెలు తోమి గట్టు కడిగేతలికి పది అవుద్దండి."

"వారపు సెలవు ఏ రోజు?"

హైమవతి కాసేపు ఆలోచించింది. ప్రశ్న సరిగా అర్థం కాలేదేమోనని సత్యవేణి గారు మళ్ళీ అడిగారు. అర్థమైందండి, ఏ రోజని చెప్పమంటారో తెలీడం లేదంది హైమవతి. ఎంతకాలంగా ఇలా పనిచేస్తున్నారని అడిగితే, వచ్చే మాఘానికి ఇరవై ఆరేళ్ళు నిండుతాయండి అంది.

మాస్టారు ఇక ఆగలేక వచ్చేశారు. ఆవిడ చెప్పేది ఇంటిపని గురించనీ, కర్మశాల పని మొత్తం కలిపి ఒక్క పూట టార్చిలైటు పట్టుకోవడమేననీ విన్నవించుకున్నారు. సత్యవేణి గారు సంచిలోంచి పట్టాభి గారి పటం తీసి గచ్చు మీద పరిచారు.

"వంటగది వేడి పనుల విభాగమని ఇందులో ముద్రతో సహా ఉంది. ప్రాంగణంలో కార్మికుడు చేసే ప్రతి పనీ కర్మశాల పనిగానే పరిగణించబడుతుంది. లేదు, ఇది ఇంటిపనే అంటారా, అప్పుడు ఇది ఇల్లవుతుంది. ఇల్లయితే గుర్తింపు రద్దు. గుర్తింపు రద్దయితే ఆ గ్లాసులు చట్టరీత్యా బిగించనట్టే. అప్పుడు మీ కారు..."

"తుక్కు," అన్నారు మాస్టారు తనంతట తానే.

హైమవతి అలవాటు కొద్దీ, కాఫీ పెడతానని లేచింది. సత్యవేణి గారు గడియారం చూసి వద్దన్నారు. కార్మికురాలు విరామం లేకుండా తొమ్మిది గంటలు పనిచేసి ఉన్నందున ఇక ఆమెతో ఏ పనీ చేయించరాదు. అతిథికి కాఫీ ఇవ్వదలచుకుంటే యజమాని ఇవ్వవచ్చును. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి, పంచదార డబ్బా అనుకుని రవ్వ డబ్బా, ఆ తర్వాత ఉప్పు డబ్బా, మొత్తం ఆరు డబ్బాలు తెరిచి, పావుగంట తర్వాత రెండు గ్లాసులు తెచ్చారు. సత్యవేణి గారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. ఆ కాఫీ గురించి రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు, అది ఆవిడ మంచితనం. హైమవతి మాత్రం మొత్తం తాగింది. వేరొకరు కలిపిన కాఫీ ఆ ఇంట్లో కూర్చుని తాగడం ఆవిడకు అదే మొదలు.

కార్మిక సంక్షేమం దృష్ట్యా ఉత్తర్వు తయారైంది. పని రోజుకు ఎనిమిది గంటలు, మధ్యలో అరగంట విరామం, ఆదివారం పూర్తి సెలవు. వేళలు బోర్డు మీద రాసి గోడకు కొట్టాలి. ఎప్పుడైనా చెప్పకుండా తనిఖీకి వస్తారు, అతిక్రమణ కనబడితే గుర్తింపు రద్దు. మాస్టారు కిటికీలోంచి కారు వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టారు.

మొదట్లో హైమవతికే ఇబ్బందిగా ఉండేది. ఆరింటికి మొదలుపెట్టి రెండున్నరకు కత్తిపీట మడిచేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మొదటి ఆదివారం అలవాటుగా ఐదింటికి లేచి, పని చెయ్యకూడదు గనక మంచం మీదే కూర్చుంది. రెండో ఆదివారం ఏడున్నర దాకా పడుకుంది. మూడో ఆదివారం చీర మార్చుకుని, లాంచీ ఎక్కి గోదావరి దాటి అవతలి లంకలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళింది. రేవులో నిలబడితే కనబడే ఊరు అది, పెళ్ళిళ్ళకు తప్ప ఆవిడ వెళ్ళి ఎరగదు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు నవ్వుతూ వచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని మాస్టారు అడిగితే, ఏమీ లేదండి, ఊరికే అంది. నాలుగో ఆదివారం ఎప్పుడొస్తుందా అని బుధవారం నుంచే ఎదురుచూసింది.

మాస్టారి పరిస్థితి వేరు. స్కూలు నుంచి వచ్చి సాయంత్రం పనంతా ఆయనే చెయ్యాలి. కుక్కరు ఎన్ని కూతలు కుయ్యాలో, ఏ గిన్నెకు ఏ మూతో, చీపురు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో ఒక్కటీ తెలియదు. పదిరోజుల్లో ఆయన చొక్కాలకు ఇస్త్రీ పోయింది. పదిహేను రోజుల్లో కారు తుడవడం మానేశారు, టైము లేక. క్లాసులో పారిశ్రామిక విప్లవం చెబుతూ, కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం సాధించిన ఘట్టం దగ్గర ఆయన గొంతు వణికింది. పిల్లలు అది భావావేశమనుకున్నారు.

రెండో నెల వచ్చేసరికి ఆయన తట్టుకోలేక పట్టాభి గారి దగ్గరకు వెళ్ళి, కర్మశాల మూసేసుకుంటే కారుకేమవుతుందని భయంభయంగా అడిగారు. ఏమీ కాదన్నారు పట్టాభి గారు. గుర్తింపు కలిగి ఉన్న కాలమున పని క్రమబద్ధము చేయబడినది గనక, పిదప యజమాని ఇష్టపూర్వకముగా కర్మశాలను మూసుకొన్నను పని చెల్లును. మూసివేతకు చిన్న ఫారమొకటి ఉన్నది. అందులో కార్మికుల సమ్మతి సంతకము ఒక్కటే ముఖ్యము, సమ్మతి లేనిదే మూసివేత లేదు. కార్మికులు ఎవరైనా ఒప్పుకోకపోవుదురా అని కూడా పాపం ఆయన కనుక్కున్నారు. మాస్టారు నవ్వారు. ఒక్కరేనండీ, మా ఆవిడే అన్నారు.

ఆదివారం పొద్దున్న హైమవతి తల దువ్వుకుని, చెల్లెలికి కాసిని కరివేపాకు కోసుకుని, లాంచీకి బయల్దేరబోతోంది. మాస్టారు ఫారం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. తన గళ్ళన్నీ నింపేశారు, మూసివేతకు కారణం అన్నచోట మూడు వాక్యాలు రాశారు. అడుగున ఒక్క చోటు మిగిలింది. ఈ పీడ వదిలిపోతుంది హైమా, ఇక్కడ ఒక్క సంతకం పెట్టు, మళ్ళీ మన ఇల్లు మన ఇల్లవుతుంది అన్నారు. ఈసారి ఆవిడ వేలు చూపించినచోట పెట్టెయ్యలేదు. అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇది మూసేత్తే కారుకేమన్నా అవుద్దాండి?"

ఏమీ కాదని మాస్టారు ఉత్సాహంగా చెప్పారు.

"మరి ఆ సత్యవేణి గారు మళ్ళీ వత్తారాండి?"

"ఎందుకొస్తారు, షాపే లేనప్పుడు? వాళ్ళకిక మన గడప తొక్కే పనే లేదు."

హైమవతి కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నేనెన్నింటికి లేత్తున్నానో ఎవరడుగుతారండి?"

"అదేం మాట హైమా, నేను లేనూ? నేనడుగుతాను."

మాస్టారు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. హైమవతి ఆయన ముఖంలోకి చూసింది. కోపంగా చూడలేదు, ఎగతాళిగానూ చూడలేదు.

"మీరిక్కడే ఉన్నారు కదండీ, ఇరవై ఆరేళ్ళూ," అంది.

ఆవిడ కోప్పడి ఉంటే మాస్టారు ఏదో ఒకటి అనేవారే. సిగ్గేసింది. యాభై రెండేళ్ళ మనిషికి, అదీ ఊరందరి చేతా నమస్కారాలు పెట్టించుకునే మనిషికి, తన వరండాలో తన భార్య ముందు నిలబడితే అంత సిగ్గు వేస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఫారం కోసం మెల్లిగా చెయ్యి చాపారు. ఆవిడ ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, లాంచీ ఎన్నింటికని అడిగారు. ఎనిమిదిన్నరకండి అంది. సాయంత్రం నిదానంగానే రమ్మన్నారు, వంట సంగతి తాను చూసుకుంటానన్నారు.

ఆవిడ చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి, చారు పెడదామని డబ్బాలు ఒక్కొక్కటే తెరుస్తూ, చింతపండు ఎక్కడుందని కిటికీలోంచి అడిగారు.

"ఎర్రమూత డబ్బాలో ఉందండి," అంది హైమవతి గేటు వేస్తూ. "ఇయ్యాళ నాకు సెలవు. ఇంకేవన్నా ఉంటే రేపు ఆరింటికి అడగండి."